కంటికి కునుకేదీ?

తెల్లవారుజామున మూడు గంటలకు గుడివాడ దాటి నందివాడ వైపు వెళ్తే చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద ఇంకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఏరియేటర్లు నీటిని చిలుకుతుంటాయి. కాపలా పాకలో మంచం మీద కూర్చున్న మనిషి ముఖం మీద సెల్‌ఫోన్ వెలుగు పడుతుంటుంది. చెరువుకు అది గడ్డు సమయం. పగలు ఎండలో నాచు తయారుచేసిన ప్రాణవాయువును రాత్రంతా చేపా రొయ్యా, ఆ నాచు కూడా వాడేసుకోవడంతో తెల్లారేలోగా నీటిలో అది అడుగంటుతుంది. అప్పుడు కరెంటు పోయి జనరేటర్ వేయడం ఆలస్యమైతే లక్షల రూపాయల పంట నీటి మీద తేలిపోతుంది. అందుకే త్రీఫేజ్ కరెంటు పోగానే ఫోన్ మోగించే పరికరాలను మోటార్ల దగ్గర బిగించుకుంటున్నారు. ఫోన్ చేతిలో ఉండాల్సిందే, మెలకువగా ఉండాల్సిందే. నిద్ర ఆపుకోవడానికి మళ్లీ ఆ ఫోనే దిక్కు. రీల్స్, పాత సినిమాల కామెడీ బిట్లు, రొయ్య ధరల వాట్సాప్ గ్రూపులు చూస్తూ గడిపేస్తారు.

తెల్లారాక కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. పడుకుంటే నిద్ర పట్టదు.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ బాధ చెరువు గట్ల దగ్గరే ఆగలేదు. డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) కోచింగ్‌కు పేరుపడ్డ అవనిగడ్డలో అద్దె గదుల్లో ఉండి చదివే అభ్యర్థులకు క్లాసు, నోట్సు, మాక్ టెస్టు అన్నీ ఫోన్‌లోనే. 16,347 పోస్టులతో 2025లో వచ్చిన మెగా డీఎస్సీ పరీక్షే కంప్యూటర్ ముందు జరిగింది. కరోనా కాలంలో ఇంటికొచ్చి ఇక్కడి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు అమెరికా పగలు మన రాత్రి. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులదీ అదే లెక్క. న్యూయార్క్‌లో కొడుకు మధ్యాహ్న భోజనానికి లేచే పన్నెండున్నరకు ఇక్కడ వేసవిలో రాత్రి పది, చలికాలంలో పదకొండు. వీడియో కాల్ ముగిశాక మనవడి ఫొటోలు ఒక్కొక్కటే తిరగేస్తుంటే అర్ధరాత్రి దాటిపోతుంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబ్‌లు పంచడంతో తెర సర్కారు బడి సంచిలోకీ చేరింది.

వీళ్లంతా మందుల షాపులో కంటి చుక్కలకు ఒకసారి, నిద్రమాత్రలకు ఇంకోసారి వెళ్తున్నారు. రెండూ వేర్వేరు జబ్బులన్నట్టు చూస్తున్నారు. కానీ ఈ రెండింటికీ మూలం ఒక్కచోటే ఉంది. ఆ సంగతి ఆధునిక నేత్ర వైద్యమూ చెబుతోంది, దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి చరక సంహితా చెబుతోంది.

రెప్ప వాల్చని కన్ను

జపాన్ నేత్ర వైద్యులు త్సుబోతా, నకమోరి 1993లో ఒక చిన్న పరిశీలన ఫలితాన్ని ప్రకటించారు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వేశాడు. పుస్తకం చదువుతుంటే అది 10కి పడిపోయింది. కంప్యూటర్ తెర చూస్తుంటే 7కు దిగింది. రెప్ప పడ్డ ప్రతిసారీ కంటిపై కన్నీటి పొర కొత్తగా పరచుకుంటుంది. ఆ పొర పైభాగంలో రెప్ప అంచు గ్రంథుల నుంచి వచ్చే సన్నని నూనె ఉంటుంది. నీరు ఆవిరైపోకుండా కాపాడేది అదే. రెప్పలు తగ్గితే, లేదా సగమే పడితే, ఆ నూనె సరిగా పరచుకోదు. మంట, ఎరుపు, మసక మొదలవుతాయి. ఒక్కోసారి ఎండిన కంటి నుంచి నీరు కారడమూ చూస్తాం. పొడిబారిన కన్ను చిరాకుపడి కార్చే నీరది. ఏసీ గాలీ ఫ్యాను గాలీ నేరుగా ముఖానికి తగిలితే బాధ ఇంకా పెరుగుతుంది. అందుకే, చుట్టూ కాలువలూ సముద్రపు తేమా ఉన్న బందరు (మచిలీపట్నం)లో కళ్లు పొడిబారడమేమిటని ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఇక రెండోది దగ్గరి చూపు. ఫోన్ సాధారణంగా పుస్తకం కన్నా దగ్గరగా వస్తుంది. మంచం మీద పడుకుని చూస్తే మరీ దగ్గరవుతుంది. అంత దగ్గర చూపు నిలపాలంటే కంటి లోపలి కండరం బిగుసుకునే ఉండాలి, రెండు కళ్లూ లోపలికి తిరిగే ఉండాలి. గంటల తరబడి అలా ఉంచితే తలనొప్పి రాక మానదు.

నిజానికి బందరు ప్రాంతానికి దగ్గరి పని కొత్త కాదు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల్లో చిన్న చిన్న రాళ్లు పొదిగేవాళ్లు, పెడన కలంకారీకి చెక్క అచ్చులు చెక్కేవాళ్లు తరతరాలుగా కళ్లు చిట్లించి పనిచేస్తూనే ఉన్నారు. వాళ్ల కళ్లూ అలిసేవి. అయితే రాయి తనంతట తాను వెలగదు, పదిహేను సెకన్లకోసారి బొమ్మ మారి కంటిని కట్టిపడేయదు. అచ్చు పక్కన పెట్టి తలెత్తితే వీధి కనిపించేది, చీకటి పడితే పని ఆగేది. ఫోన్‌కు చీకటి అడ్డం కాదు.

చరకుడు ముందే చెప్పిన మూడు తప్పులు

చరక సంహిత సూత్రస్థానం పదకొండో అధ్యాయంలో ఇంద్రియాలను వాడుకునే తీరు గురించి ఒక చర్చ ఉంది. కంటి దగ్గరకొచ్చేసరికి చరకుడు మూడు తప్పులు చూపిస్తాడు. మితిమీరిన కాంతి ఉన్నవాటిని అదేపనిగా చూడటం అతియోగం. అసలు చూడకుండా ఉండటం అయోగం. మరీ దగ్గరగా ఉన్నవాటినీ, మరీ దూరంగా ఉన్నవాటినీ, భయం పుట్టించేవాటినీ, అసహ్యం కలిగించేవాటినీ, వికృతమైనవాటినీ చూడటం మిథ్యాయోగం.

రాత్రి పదకొండు గంటల ఫోన్‌ను ఈ మాటల పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కాంతి ఎక్కువ, దూరం తక్కువ, కనిపించేవి యాక్సిడెంట్ వీడియోలు, తిట్లు, భయపెట్టే వార్తలు. ఎంతసేపు చూశామన్నదే కాదు, ఎంత దగ్గర నుంచి చూశాం, ఏం చూశాం అన్నదీ ఆరోగ్యానికి సంబంధించినదేనని ఆ వైద్యుడు గుర్తించాడు. ఈ మూడో మాట నేటి నిద్ర వైద్యులకూ బాగా పట్టింది. మనసును కుదిపేసే దృశ్యం చూసి పక్క మీదకు చేరితే, తెర ఆపినా మెదడు ఆగదు.

శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో ఆహారం పక్కనే నిద్రను నిలిపిందీ ఆ అధ్యాయమే. ఇరవై ఒకటో అధ్యాయానికి వెళ్తే నిద్ర గురించి విడిగా వివరం ఉంది. రాత్రి జాగరణ ఒంటిని పొడిబారుస్తుందని అక్కడ చెబుతాడు. పోయిన నిద్రను తిరిగి తెచ్చే మార్గాలంటూ ఒక వరస ఇస్తాడు. ఒళ్లంతా నూనె పట్టించుకోవడం, నలుగు, స్నానం, మాంసరసం, పెరుగుతో వరి అన్నం, పాలు, నెయ్యి, మనసుకు నచ్చిన పరిమళాలూ శబ్దాలూ, ఒళ్లు పట్టించుకోవడం, తలకూ ముఖానికీ పూతలు, హాయైన పడక. వీటి నడుమే ‘కళ్లకు తర్పణం’ అని ఉంది. తర్పణమంటే తృప్తిపరచడం. నిద్రకు చికిత్స చెబుతూ కంటిని సేదదీర్చమన్నాడు. ఇప్పుడు విడివిడిగా మందు కొంటున్న రెండు బాధలనూ ఆయన ఒకే వరసలో కూర్చాడు.

ఆ వరసలో మద్యం కూడా ఉంది. దాన్ని మాత్రం నేడు పాటించకూడదు. మందు తాగితే త్వరగా కన్ను మూతపడ్డట్టే ఉంటుంది గానీ, రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలు ముక్కలవుతుందని ఆధునిక పరీక్షలు స్పష్టంగా చూపాయి. పాత గ్రంథాన్ని గౌరవించడమంటే అందులోని ప్రతి మాటనూ కళ్లకద్దుకోవడం కాదు.

వెలుగుకూ నిద్రకూ లంకె

కంటిలో చూపుకు సంబంధించిన కణాలు కాక మరో రకం కణాలున్నాయి. అవి బొమ్మను చూడవు, బయట పగలా రాత్రా అన్న కబురు మెదడులోని గడియారానికి చేరవేస్తాయి. ఇవి తమంతట తామే వెలుగును గ్రహిస్తాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం రుజువు చేసింది. నీలి వెలుగు వీటిని ఎక్కువగా కదిలిస్తుంది. రాత్రి వేళ ఆ వెలుగు పడితే ‘ఇంకా పొద్దుపోలేదు’ అన్న కబురు వెళ్లి, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ తగ్గుతుంది.

బోస్టన్‌లో హార్వర్డ్ పరిశోధకులు పన్నెండు మందితో పడుకునే ముందు నాలుగు గంటలపాటు ఒక విడత వెలిగే తెర మీద, మరో విడత అచ్చు పుస్తకంలో చదివించారు. తెర చదివిన రోజుల్లో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది. నిద్ర పట్టడం సుమారు పది నిమిషాలు ఆలస్యమైంది. మర్నాడు పొద్దున మగత ఎక్కువగా ఉంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. నాలుగు గంటలు చదివితే ఆలస్యం పది నిమిషాలే. మరి మన ఇళ్లలో నిద్ర రెండు గంటలు ఎందుకు వెనక్కి పోతోంది? వెలుగు కన్నా ఎక్కువగా మనల్ని మెలకువగా ఉంచుతున్నది తెర మీది విషయమూ, అది తినేసే సమయమూ. ఫోన్‌కు పసుపు రంగు ‘నైట్ మోడ్’ పెట్టి అర్ధరాత్రి దాకా చూసేవారు గమనించాల్సింది ఇదే.

నీలి వెలుగును అడ్డుకునే కళ్లద్దాల విషయమూ అంతే. కళ్లద్దాల షాపుల్లో వీటికి అదనపు ధర చెల్లిస్తున్నవారు చాలామంది. 17 పరీక్షలను కూర్చి చూసిన కోక్రేన్ సమీక్ష 2023లో వెలువడింది. కంప్యూటర్ పనితో వచ్చే కంటి అలసట ఈ అద్దాలతో, కనీసం కొద్దికాలంలో, తగ్గే అవకాశం లేదని తేల్చింది. కారణం సులువుగానే తెలుస్తుంది. అలసట రెప్ప వేయకపోవడం వల్ల, దగ్గరి చూపు వల్ల వస్తోంది. అద్దం రెప్ప వేయించలేదు కదా.

పెరట్లో, వంటింట్లో

గుడివాడ వాళ్లకు ప్రత్యామ్నాయ వైద్యం కొత్తది కాదు. 1945లో మొదలైన డాక్టర్ గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉన్న ఊరిది. ఇక ఆయుర్వేదపు సరుకు చాలావరకు డెల్టా ఇళ్లలోనే ఉంది.

గేదె పాల సంగతే చూడండి. నిద్ర తెప్పించేవాటిలో గేదె పాలే మేటి అని చరకుడు తేల్చిచెప్పాడు. ఆవు పాల కన్నా అవి గురువైనవనీ, నిద్ర పట్టనివారికి మంచివనీ అంటాడు. పాలు ప్రయోగశాలలో ఎంత నిద్ర తెప్పిస్తాయన్నది అటుంచితే, రాత్రి ఎనిమిదింటికి తాగే స్ట్రాంగ్ కాఫీ స్థానంలో గోరువెచ్చని పాలు వస్తే లాభం ఖాయం. కాఫీ, టీల్లోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది.

పాదాలకు నూనె రాసుకోవడం రెండోది. పాదాభ్యంగం చూపుకు తేటదనాన్ని ఇస్తుందని చరక సంహిత అయిదో అధ్యాయం చెబుతుంది. ఈ మాటను నేత్ర వైద్య శాస్త్రం నిర్ధారించలేదు. కానీ పడుకునే ముందు పది నిమిషాలు నువ్వుల నూనెతో అరికాళ్లు మర్దన చేసుకునేవాళ్ల చేతులు జిడ్డుగా ఉంటాయి, ఫోన్ పట్టుకోలేవు. రోజూ అదే వేళకు అదే పని చేస్తే పడుకునే వేళయిందని ఒంటికి అలవాటవుతుంది. నిద్ర వైద్యులు కోరేదీ ఇదే. ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లకు మనవలు నూనె రాసే అలవాటు మళ్లీ వస్తే రెండు తరాలకూ మంచిది.

త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఇందులో కరక్కాయ పెడన వాళ్లకు రోజూ చేతిలో ఆడే సరుకు. కలంకారీ బట్టకు రంగు పట్టడానికి ముందు దాన్ని కరక్కాయ నీళ్లలోనే నానబెడతారు. కంటి బలానికి త్రిఫలను రాత్రిపూట తేనె, నెయ్యితో తీసుకోమని అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడు చెప్పాడు. తేనె, నెయ్యి సమాన పాళ్లలో కలపరాదన్నది ఆయుర్వేదంలోనే ఉన్న నిషేధం. త్రిఫల విరేచనకారి కూడా. షుగర్ మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. జామ్‌నగర్‌లో గుజరాత్ ఆయుర్వేద విశ్వవిద్యాలయం వైద్యులు కంప్యూటర్ పనివల్ల వచ్చే కంటి బాధలకు త్రిఫల చుక్కలు, సప్తామృత లోహం అనే ఆయుర్వేద మందు వాడి చూసి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఉపశమనం కనిపించిందని రాశారు. ఆ చుక్కలు శుద్ధిచేసి తయారుచేసినవి. వంటింట్లో కాచిన కషాయం వాటికి బదులు కాదు.

నేత్ర తర్పణమూ ఇంట్లో చేసుకునేది కాదు. మినప్పిండి ముద్దతో కంటి చుట్టూ గట్టు కట్టి, అందులో మూలికలతో కాచిన గోరువెచ్చని నెయ్యి నింపి కాసేపు రెప్పలు ఆర్పిస్తారు. శాలాక్య తంత్రం, అంటే కన్ను, చెవి, ముక్కు, గొంతులకు సంబంధించిన ఆయుర్వేద శాఖ చదివిన వైద్యుల చేతుల మీదుగా, శుభ్రమైన చోట జరగాలి. దగ్గర్లో విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు తన సంహితలోని ఉత్తర తంత్రాన్ని కంటి జబ్బులతోనే ప్రారంభించి 76 రకాలను వర్గీకరించాడు. అంత శ్రద్ధగా విభజించి చెప్పిన శాస్త్రాన్ని యూట్యూబ్ చిట్కాగా కుదించడం దానికి అన్యాయమే.

నందివర్ధనం పూలను మూసిన రెప్పల మీద పెట్టుకుని పడుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. చల్లగా ఉంటుంది, ఆ పావుగంటా కన్ను మూసుకుని ఉంటుంది. తొడిమ పాలు కంట్లో పడకుండా చూసుకుంటే ఇబ్బంది లేదు. కాలువ గట్ల మీద దొరికే పొన్నగంటి కూర పప్పులో వేసుకుంటే విటమిన్ ఎ తయారీకి కావలసిన సరుకు ఒంటికి అందుతుంది. కళ్లద్దాలు మాత్రం ఊడిపోవు.

కంట్లోకి ఏదైనా పిండటం దగ్గర గట్టిగా ఆపాలి. ఆకు పసరు, తేనె, ఆముదం, చనుబాలు, రోజ్‌వాటర్ — ఏవీ వద్దు. వరి పొలాల ప్రాంతాల్లో ధాన్యపు గింజో ఆకో తగిలి గీరుకుపోయిన కంట్లో బూజు సోకి నల్లగుడ్డుకు పుండు పడటం దక్షిణ భారతమంతటా నేత్ర వైద్యులు తరచూ చూసే ప్రమాదం. దాని మీద పసరు పోస్తే చూపు పోతుంది. ఇలాంటి కన్నుతో ఆగకుండా వెళ్లాల్సిన ఆసుపత్రుల్లో విజయవాడ దగ్గర తాడిగడపలో ఉన్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ప్రాంగణం ఒకటి.

డెల్టాకు ఉచితంగా దొరికేది

కాలిఫోర్నియాకు చెందిన దృష్టి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ 20-20-20 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడాలి. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఇరవై అడుగులకు ఎదురు గోడే వస్తుంది. గుడివాడ శివారులోనో కౌతవరం కాలవ గట్టు మీదనో నిలబడితే చూపు మైళ్ల దూరం సాగుతుంది. కొండ అన్నది అడ్డురాని నేల ఇది. ఆ ఇరవై సెకన్లలో నిండుగా పది రెప్పలు వేయడం కూడా కలిపితే లాభం రెట్టింపు. తెర చేయి చాచినంత దూరంలో, కంటికి కాస్త దిగువన ఉండాలి. చూపు కిందికి దిగితే రెప్ప కొంత మూసుకుని కంటి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. సాయంత్రం వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన బట్టను, చర్మం ఓర్చుకునే వెచ్చదనంలో, అయిదు నుంచి పది నిమిషాలు మూసిన రెప్పల మీద ఉంచితే గ్రంథుల్లో గట్టిపడ్డ నూనె కరుగుతుంది.

పిల్లలకైతే ఆకాశమే మందు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో పన్నెండు పాఠశాలల్లో జరిగిన పరీక్షలో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్లకు వాళ్లలో హ్రస్వదృష్టి 30.4 శాతానికి ఆగింది. అలా ఉంచని బడుల్లో 39.5 శాతానికి చేరింది. ఆటస్థలం లేని స్కూలు భవనాలకు అనుమతులిచ్చేవాళ్లు, అందులో పిల్లల్ని చేర్చేవాళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

చెరువు కాపలా వాళ్లకు ‘త్వరగా పడుకోండి’ అని చెప్పడం న్యాయం కాదు. వాళ్ల పనే రాత్రిది. అయితే కరెంటు పోయిందని చెప్పడానికి స్మార్ట్‌ఫోనే అక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్ చాలు. మెలకువకు చూసే వీడియో బదులు వినే పాటలు, రేడియో పెట్టుకుంటే కళ్లకు విశ్రాంతి. వంతులవారీగా ఇద్దరుంటే మరీ మంచిది. రాత్రి ఎంతసేపు మేల్కొన్నారో అందులో సగం సేపు పొద్దున్నే, ఏమీ తినకముందే పడుకోమని వాగ్భటుడు ఇలాంటివారి కోసమే అష్టాంగహృదయంలో రాశాడు. గది చీకటిగా ఉంటే ఆ నిద్ర నిలుస్తుంది. చరకుడు పగటి నిద్రకు సాధారణంగా ఒప్పుకోడు గానీ, వేసవిలో రాత్రులు చిన్నవి కనుక ఆ కాలానికి మినహాయింపు ఇచ్చాడు. ఎండాకాలం మధ్యాహ్నం డెల్టా ఊళ్లు తలుపులు మూసుకునేది అందుకే కావచ్చు. రాత్రి సరిగా నిద్ర పట్టనివారు మాత్రం ఆ కునుకును అరగంటలోపే ముగించాలి.

డీఎస్సీ అభ్యర్థులకు ఒక్క మాట. పగలు చదివినది జ్ఞాపకంలో కుదురుకునేది నిద్రలోనే. అర్ధరాత్రి దాటాక చదివే పీడీఎఫ్ మర్నాటి పరీక్షకు పనికొచ్చే దానికన్నా చెరిపేసేదే ఎక్కువ. ప్రింటు తీయించుకున్న కాగితం కంటికీ నిద్రకూ చౌక.

మాత్ర వేసుకునే ముందు

నిద్ర కోసం అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ, ఇప్పుడు మాత్రలుగా, చూర్ణంగా అంతటా అమ్ముడవుతోంది. నిద్రలేమి ఉన్న 60 మందిపై పది వారాలు, రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల చొప్పున వేరు సారం ఇచ్చి చేసిన 2019 నాటి భారతీయ పరీక్షలో నిద్ర త్వరగా పట్టినట్టు తేలింది. అదే సమయంలో కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. థైరాయిడ్ మందులు వాడేవారు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే అది చిట్కాల దశ దాటినట్టే. అప్పుడు వైద్యులు ముందుగా ఎంచుకునేది మాత్రను కాదు, నిద్ర అలవాట్లనూ భయాలనూ సరిదిద్దే ప్రవర్తన చికిత్సను. పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేవారికి తెరతో సంబంధం లేని వేరే జబ్బు ఉండొచ్చు.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, నొప్పితో కన్ను ఎర్రబడినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇక ఫోన్ అక్షరాలు కనిపించక చేయి చాచి చదివే నలభై దాటినవారిలో చాలామందిది అసలు తెర జబ్బే కాదు, చత్వారం. వాళ్లు త్రిఫల డబ్బా కొనే ముందు ఒకసారి చూపు పరీక్ష చేయించుకోవాలి. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకున్న వారంలోనే సాయంత్రపు తలనొప్పి పోయేవాళ్లు వాళ్లలో ఎందరో ఉంటారు.